కరువు సాయానికి సంతకం ఎవరిది?

కరువు మండలాల జాబితా వెలువడిన ప్రతిసారీ కర్నూలు జిల్లా పడమటి పల్లెల్లో ఒకే తగాదా మళ్లీ రేగుతుంది. పంట ఎండినది కౌలుదారుకైతే, పెట్టుబడి రాయితీ చాలాచోట్ల పట్టాదారు ఖాతాలో పడుతుంది. 2019 నాటి పంట సాగుదారుల హక్కుల చట్టం కింద కౌలుదారుకు సాగుదారు కార్డు రావాలంటే భూయజమాని ఒప్పుకోవాలి. సంతకం పెడితే భూమి చేజారుతుందన్న భయంతో ఆయన ఒప్పుకోడు. కార్డు లేనివాడు పిల్లల్ని వెంటేసుకుని కోసిగి నుంచో ఆలూరు నుంచో సుగ్గికి, అంటే వలస కూలికి, గుంటూరు మిరప చేలకు బండెక్కుతాడు. అనర్హులకు ప్రజాధనం పోకూడదన్నది అధికారుల వాదన.

సీమ కరువుల చరిత్ర ఇక్కడివారికి కొత్తగా చెప్పనక్కరలేదు. 1866లో ఉయ్యాలవాడ బుడ్డా వెంగళరెడ్డి పెట్టిన అన్నం సంగతి నేటికీ చెప్పుకుంటారు. అయితే ఇప్పటి తగాదాకు మూలం ఆ దాతృత్వంలో లేదు, పదేళ్ల తర్వాత ధాత నామ సంవత్సరంలో వచ్చిన ధాత కరువులో ఉంది. ఇంకా సూటిగా చెప్పాలంటే, 1877 జనవరిలో వైస్రాయ్ లిట్టన్ మద్రాసు రాష్ట్రానికి పంపిన సర్ రిచర్డ్ టెంపుల్ అనే అధికారి నిర్ణయంలో ఉంది.

ఈ టెంపుల్ అంతకు మూడేళ్ల ముందు బెంగాల్, బీహార్ కరువులో బర్మా బియ్యం తెప్పించి జనాన్ని బతికించినవాడే. చావులు తగ్గించినందుకు మెప్పు రాకపోగా, డబ్బు దుబారా చేశాడన్న నింద మిగిలింది. ఆ మచ్చ చెరుపుకోవడానికేనేమో, ఇక్కడ కరువు పనుల కూలీకి అప్పటిదాకా ఇస్తున్న ఒకటిన్నర పౌను ధాన్యాన్ని ఒక్క పౌనుకు, అంటే అరకిలో కన్నా తక్కువకు, దించాడు. పైన చేతిలో పెట్టేది కొద్దిపాటి చిల్లర. నిజంగా ఆకలిగొన్నవాడైతేనే ఇంత తక్కువకు పనికి వస్తాడన్నది లెక్క. ఖైదీలకు సైతం ఇంతకన్నా ఎక్కువ తిండి పెడుతున్నారని, రోజంతా మన్ను మోసే మనిషి దీనితో నిలబడలేడని మద్రాసు ఆరోగ్య శాఖాధిపతి కార్నిష్ పోట్లాడాడు. ఆయన మాట కొంత చెల్లి కూలి సడలేసరికి నెలలు గడిచాయి. లిట్టన్ ఢిల్లీలో విక్టోరియాను భారత చక్రవర్తినిగా ప్రకటిస్తూ దర్బారు జరిపింది కూడా ఆ జనవరిలోనే. తెల్ల సిపాయి పౌను గింజలతో బతకగలడా అన్న ప్రశ్న ఎవరికీ తట్టినట్టు లేదు. 1871, 1881 జనాభా లెక్కలను పక్కపక్కన పెట్టి చూస్తే కర్నూలు జిల్లాలో దాదాపు నాలుగో వంతు జనం తగ్గారు.

1880 నాటి కరువు కమిషన్, ఆ తర్వాతి కరువు నిబంధనావళి పరిస్థితిని కొంత మెరుగుపరిచాయి. కరువును ముందే గుర్తించి ప్రకటించడమనే పద్ధతి వాటి నుంచి వచ్చినదే. కానీ సాయం కోరేవాడు ముందు తనను తాను రుజువు చేసుకోవాలన్న షరతు పోలేదు. పనిచేయలేని నిరుపేదల జాబితా ఊరి పెద్ద అయిన రెడ్డి, లెక్కలు రాసే కరణం చేతుల మీదుగా తయారయ్యేది. మాలపల్లె, మాదిగపల్లె పేర్లు అందులోకి ఎక్కాలంటే వారి దయే దిక్కు. కరణం పోయాడు, ఆ స్థానంలోకి పట్టాదారు సంతకం వచ్చింది.

యజమానుల భయం పూర్తిగా అబద్ధం కాదు. కౌలు చట్టాల పేరు వింటేనే ఉలిక్కిపడే కుటుంబాలు సీమలో ఉన్నాయి. అయినా ఏ చేలో ఏ పంట ఉందో ప్రభుత్వం రాసుకునే ఈ-పంట నమోదుకు చేలో నిలబెట్టి ఫొటో తీసేది సాగు చేసే మనిషినే. డబ్బు వేసేటప్పుడు ఆ ఫొటో ఎందుకు చాలదో చెప్పమని కౌలు రైతులు అడుగుతున్నారు. గ్రామసభలోనే సాగుదారులను గుర్తిస్తే యజమాని సంతకంతో పని లేదన్నది వారి కోరిక.