6.8 కొత్తదా, 6.1 పాతదా?

హనుమకొండ

చిరంజీవులైన పిల్లలకు,

ఆశీస్సులు. మీ బడి ల్యాబ్‌లో ఉబుంటు 22.04 ఉన్న మిషన్లు కెర్నెల్ నంబరు 6.8 అని, డెబియన్ 12 ఉన్నవి 6.1 అని చూపిస్తున్నాయని రాశారు. (ఉబుంటు, డెబియన్ అంటే లినక్స్ పంపిణీలు, అంటే లినక్స్‌ను కావాల్సిన ప్రోగ్రాములతో కలిపి ఇచ్చేవి. కెర్నెల్ అంటే హార్డ్‌వేర్‌నూ ప్రోగ్రాములనూ కలిపి నడిపే లోపలి భాగం.) డెబియన్ మిషన్లకు కూడా 6.8 ఎక్కిద్దామా అని అడిగారు. వద్దు. ఎందుకు వద్దో తెలియాలంటే ముందు తెర మీది ఆ నంబరును సరిగ్గా చదవడం రావాలి. సగం ఆగమాగం అక్కడే ఉంది. (కమాండ్లను ఇక్కడ పలికినట్టు తెలుగులో రాస్తున్నాను. మీరు మాత్రం చిన్న ఇంగ్లిషు అక్షరాల్లోనే కొట్టాలి.)

టెర్మినల్‌లో ‘యూనేమ్ హైఫన్ ఆర్’ కొడితే డెబియన్ 12లో 6.1.0-18-ఏఎండీ64 లాంటిది వస్తుంది. నడుమ సున్నా చూసి, ఇది పుట్టిననాటి నుంచి మారనే లేదనుకుంటారు. ఆ సున్నా ఊరికే చోటు నింపడానికి ఉంది. 18 అన్నది డెబియన్ వాళ్లు వేసుకునే వరుస నంబరు. అది మారిందంటే బయటి మాడ్యూళ్లను, అంటే కెర్నెల్‌కు తగిలించే డ్రైవర్ల లాంటి ముక్కలను, కొత్త కెర్నెల్‌కు మళ్లీ తయారు చేసుకోవాలి. అసలు సంగతి ‘యూనేమ్ హైఫన్ వీ’ కొడితే కనబడుతుంది: డెబియన్ 6.1.76-1, పక్కనే 2024-02-01 అని తేదీ. అంటే 6.1 విడుదలయ్యాక 76 విడతల మరమ్మతులు అందులో కలిశాయి. ఉబుంటులో 6.8.0-45-జెనెరిక్ అని వస్తే, ప్రాక్ ఫోల్డర్‌లో వెర్షన్ అండర్‌స్కోర్ సిగ్నేచర్ అనే ఫైలును ‘క్యాట్’తో తెరవండి. చివర 6.8.12 అని ఉంటుంది. మీరు పోల్చాల్సింది ఈ లోపలి నంబర్లను.

ఇగ ఈ కెర్నెళ్లు ఎక్కడి నుంచి వస్తాయో చూద్దాం. లినక్స్‌ను మొదలుపెట్టిన లైనస్ టోర్వాల్డ్స్ 9, 10 వారాలకొకటి విడుదల చేస్తాడు. మొదటి రెండు వారాలు కొత్త కోడు తీసుకుంటాడు. ఆ తర్వాత గేటు మూసి, ఆదివారానికో ఆర్‌సీ (విడుదలకు ముందు పరీక్షకు వదిలే రూపం) చొప్పున తప్పులు దిద్దుకుంటూ పోతే, ఏడో ఆర్‌సీయో ఎనిమిదోదో అయ్యాక అసలుది వస్తుంది. 6.7 వచ్చింది 2024 జనవరి 7న, 6.8 వచ్చింది మార్చి 10న. విడుదలైన వాటికి మరమ్మతులు చూసేది గ్రెగ్ క్రోవా-హార్ట్‌మన్, సాషా లెవిన్. మామూలు కెర్నెల్‌ను వాళ్లు తర్వాతిది వచ్చిన కొన్ని వారాల దాకే చూస్తారు. ఏడాదికొకటి మాత్రం, ఎక్కువగా ఆ ఏడు చివర్లో వచ్చినదాన్ని, ఏళ్ల తరబడి సాకుతారు. 5.10, 5.15, 6.1, 6.6, 6.12 అట్లాంటివే.

ఇప్పుడు మీ ల్యాబ్ వైపు చూడండి. మీరు పాతదనుకున్న 6.1 దీర్ఘకాలపు జాబితాలో ఉంది. కొత్తదనుకున్న 6.8కు పుట్టింట్లో, అంటే గ్రెగ్ వాళ్లు చూసే మూలంలో, మరమ్మతులు 6.8.12తో, 2024 మే 30నే ఆగిపోయాయి. మరి ఉబుంటులో అది ఎట్లా బతికుంది? దాన్ని ఉబుంటును తయారుచేసే కనానికల్ కంపెనీ సొంత ఇంజనీర్లు సాకుతున్నారు. మిగతా స్టేబుల్ (విడుదలై మరమ్మతులు అందుతున్న) కెర్నెళ్లలోకి వచ్చే దిద్దుబాట్లను ఏరి ఇందులో కలుపుతుంటారు. ఏ పంపిణీ అయినా కెర్నెల్‌ను ఎంచుకునేటప్పుడు చూసుకునే మొదటి లెక్క ఇదే: దీన్ని ఎవరు సాకాలి, ఎన్నేళ్లు సాకాలి.

డెబియన్‌ను నడిపేది స్వచ్ఛందంగా పనిచేసే మనుషులు. ఒక కెర్నెల్‌ను ఏళ్ల తరబడి ఒంటరిగా మోసే బలగం వాళ్లకు లేదు. అందుకే మూలంలో ఎట్లాగూ దీర్ఘకాలం సాకేదాన్నే పట్టుకుంటారు. డెబియన్ 12 వచ్చింది 2023 జూన్ 10న. అప్పటికే 6.3 బయట ఉంది, అయినా దాని జోలికి పోలేదు, 2022 డిసెంబరు నాటి 6.1నే పెట్టారు. 2025 ఆగస్టు 9న వచ్చిన డెబియన్ 13లో 6.12 ఉంది. నా మట్టుకు నాకు బడి ల్యాబ్‌కు ఈ పద్ధతే నచ్చుతుంది.

ఉబుంటు క్యాలెండర్ పట్టుకుని నడుస్తుంది: ఏప్రిల్‌లో ఒకటి, అక్టోబరులో ఒకటి. 24.04 (2024 ఏప్రిల్‌ది) రావాల్సిన సమయానికి తాజాగా చేతికందింది 6.8, అదే పెట్టారు. విడుదల తేదీకి కెర్నెల్ ఇంకా ఆర్‌సీ దశలో ఉన్నా సరే, తాజాదే తీసుకుంటామని 2024 ఆగస్టులో ప్రకటించారు కూడా. దీర్ఘకాలపు ఉబుంటులో ఇంకో మెలిక ఉంది. 22.04 పుట్టింది 5.15తో. ఆ తర్వాత కొత్త హార్డ్‌వేర్ కోసమని 5.19, 6.2, 6.5, 6.8 వరుసగా ఇచ్చారు. డెస్క్‌టాప్ వేసుకుంటే ఈ వరుస దానంతటదే నడుస్తుంది. సర్వర్ వేసుకుంటే మీరు అడిగితే తప్ప 5.15 దగ్గరే ఉంటుంది. మీ ల్యాబ్‌లో 22.04 ఉన్న సర్వర్ ఒక నంబరు, డెస్క్‌టాప్‌లు ఇంకో నంబరు చూపిస్తే ఏదో చెడిపోయిందని పరేషాన్ కావద్దు. కొత్తగా కొన్న ల్యాప్‌టాప్‌లో వైఫై కనబడకపోతే ఈ కొత్త వరుసకు మారడమే మందు.

పాతదంటే ప్రమాదం, కొత్తదంటే భద్రం అనుకోవడానికి కూడా లేదు. 2022 మార్చిలో డర్టీ పైప్ అనే లోపం బయటపడింది. చదవడానికి మాత్రమే అనుమతి ఉన్న ఫైలులో మామూలు వాడుకరి రాతలు రాయగలిగేంత లోపం అది. అది 5.8లో చొరబడింది. ఉబుంటు 20.04ను 5.4తో నడుపుకుంటున్న వాళ్లకు ఏమీ కాలేదు. అదే 20.04లో 5.13కు మారిన వాళ్లు మాత్రం దబ్బున అప్‌డేట్ చేసుకోవాల్సి వచ్చింది.

రెడ్ హ్యాట్ కంపెనీ పంపిణీ దారి వేరు. దాని 8వ వెర్షన్‌లో కెర్నెల్ 4.18, 9లో 5.14. రెండూ మూలంలో దీర్ఘకాలపువి కావు. పదేళ్లు సాకేంత మందిని పెట్టుకున్నారు కాబట్టి ఏది పట్టుకున్నా వాళ్లకు నడుస్తుంది. పైన 5.14 అని ఉన్నా లోపల చాలా కొత్త కోడు ఉంటుంది. ఫెడోరా అనే పంపిణీ మాత్రం విడుదల మధ్యలోనే కొత్త కెర్నెల్‌కు ఎగబాకుతుంది. ఎప్పుడూ తాజాదే ఇచ్చే ఆర్చ్ పంపిణీ అయితే సరేసరి. అందులో ఒక సంగతి తెలుసుకోండి: అప్‌డేట్ కాగానే పాత కెర్నెల్ మాడ్యూళ్లు తొలగిపోతాయి. రీబూట్ చేయకుండా పెన్‌డ్రైవ్ పెడితే దాన్ని చదివే మాడ్యూల్ దొరకక తెరుచుకోదు. పెన్‌డ్రైవ్ చెడిపోయిందని పారేయకండి.

ఇప్పుడు కష్టమైన ముచ్చట. పాత కెర్నెల్‌ను సాకడమంటే కొత్త కెర్నెల్ కోసం రాసిన దిద్దుబాటును తెచ్చి పాతదాంట్లో కలపడం. ఒక మడిలో పెంచిన నారును ఇంకో పొలంలో నాటినట్టే, కింది నేల ఒక్కతీరుగా లేకపోతే పైరు నిలవదు. 2023లో సరిగ్గా అదే జరిగింది. డిస్కులో ఫైళ్లను అమర్చే ఈఎక్స్‌టీ4 ఫైల్ సిస్టమ్‌కు సంబంధించిన ఒక దిద్దుబాటును 6.1.64లోకి తెచ్చారు. అది సరిగ్గా పనిచేయాలంటే 6.5లో వచ్చిన ఇంకో చిన్న మార్పు కూడా ఉండాలి. అది 6.1లో లేదు. దాంతో డైరెక్ట్ పద్ధతిలో (మెమరీలో దాచుకోకుండా నేరుగా డిస్కుకు) ఫైలుకు రాసే ప్రోగ్రాములు ఒకసారి రాశాక ‘ఎక్కడి దాకా రాశాం’ అనే గుర్తు ముందుకు జరగలేదు. తర్వాతి రాత తప్పు చోట పడి డేటా పాడైంది. డిసెంబరు 9న రావాల్సిన డెబియన్ 12.3ను ఆపేసి, మర్నాడు 6.1.66తో 12.4ను వదిలారు. దిద్దుబాటు తప్పు కాదు, 6.1 తప్పూ కాదు, రెండూ కలిసినచోట పుట్టిన తప్పు అది. మీ డెబియన్ మిషన్లలోకి 6.8 తెచ్చి పెడితే ఇట్లాంటి కలయికలను పరీక్షించే మనిషి ఎవరూ ఉండరు. నేను వద్దన్నది అందుకే. డెబియన్‌లో కొత్తది తప్పదనుకుంటే వాళ్లే ఇచ్చే బ్యాక్‌పోర్ట్స్ (పాత విడుదల కోసం మళ్లీ తయారు చేసిన కొత్త ప్యాకేజీల) భండారం నుంచి తీసుకోండి.

మిషన్ లోపల అప్‌డేట్ ఎట్లా జరుగుతుందో కూడా చెప్తాను. ఉబుంటు, డెబియన్‌లలో కొత్త కెర్నెల్ పాతదాన్ని చెరపదు, దాని పక్కనే కూర్చుంటుంది. వీఎమ్‌లినజ్ అనే అసలు కెర్నెల్ ఫైలు బూట్ ఫోల్డర్‌లోకి, మాడ్యూళ్లు లిబ్ మాడ్యూల్స్ కింద ఆ వెర్షన్ పేరున్న ఫోల్డర్‌లోకి పోతాయి. తర్వాత ఇనిట్‌ఆర్‌డీ తయారవుతుంది. డిస్కు తెరుచుకోవడానికి ముందు కావాల్సిన డ్రైవర్ల మూట అది. చివరికి గ్రబ్ మెనూ, అంటే మిషన్ లేచేటప్పుడు ఏ కెర్నెల్ కావాలో ఎంచుకునే జాబితా, మళ్లీ రాస్తారు. ఇంత జరిగినా రీబూట్ చేసేదాకా నడిచేది పాతదే. రీబూట్ అవసరమైతే వార్ రన్ ఫోల్డర్‌లో రీబూట్-రిక్వయర్డ్ అనే ఫైలు ఉబుంటులో కనబడుతుంది.

దసరా సెలవులైపోయి ల్యాబ్ తెరిచిన రోజు జర పైలం. రెండు వారాల అప్‌డేట్లు అన్ని మిషన్లూ ఒకేసారి వెనకాల మొదలుపెడతాయి. బెల్లు కొట్టగానే ఎవరో బోర్డు దగ్గర స్విచ్ ఆపేస్తారు, లేదా గాలిదుమారానికి కరెంటు పోతుంది, యూపీఎస్ బ్యాటరీ ఎప్పుడో చచ్చి ఉంటుంది. ఇనిట్‌ఆర్‌డీ సగంలో ఆగిపోయిన మిషన్ మర్నాడు ‘కెర్నెల్ ప్యానిక్’ అని, రూట్ ఫైల్ సిస్టమ్ మౌంట్ కాలేదని చెప్పి నిలబడిపోతుంది. మళ్లీ ఇన్‌స్టాల్ చేసే పని లేదు. రీస్టార్ట్ చేసి ఎస్కేప్ కీ నొక్కండి, పాత బయోస్ మిషన్‌లో అయితే షిఫ్ట్ పట్టుకోండి. ‘అడ్వాన్స్‌డ్ ఆప్షన్స్’లోకి పోయి, కిందున్న పాత కెర్నెల్‌ను ఎంచుకోండి. లోపలికి వచ్చాక మొదట ‘డీఎఫ్ హైఫన్ హెచ్ స్లాష్ బూట్’ కొట్టి చోటు ఎంత ఉందో చూడండి. తర్వాత ‘సుడో డీపీకేజీ’కి రెండు హైఫన్లతో కాన్ఫిగర్, ఆపైన హైఫన్ ఏ. ఆ తర్వాత ‘సుడో అప్‌డేట్-ఇనిట్‌ర్యామ్‌ఎఫ్ఎస్ హైఫన్ యూ హైఫన్ కే ఆల్’. చివర ‘సుడో అప్‌డేట్-గ్రబ్’. వేరొక అప్‌డేట్ నడుస్తోందని, లాక్ ఉందని చెప్తే ఆగండి. ఆ లాక్ ఫైలును చెరిపేసే చిట్కా ఎవరు చెప్పినా వినకండి.

బూట్ ఫోల్డర్‌కు డిస్కులో విడిగా భాగం ఇచ్చిన మిషన్లలో అది నిండిపోవడం ఇంకో రోగం. పాత ఇన్‌స్టాళ్లలో దానికి అరజీబీయే ఇచ్చి ఉంటారు, రెండు మూడు కెర్నెళ్లకే అయిపోతుంది. ‘సుడో ఆప్ట్ ఆటోరిమూవ్’ కొడితే అక్కర్లేనివి పోతాయి. ఫోల్డర్‌లోకి పోయి ‘ఆర్ఎం’తో ఫైళ్లు తీసేస్తే మాత్రం ప్యాకేజీ లెక్కలు చెడిపోయి పని ఇంకా పెరుగుతుంది. నడుస్తున్న కెర్నెల్‌తో పాటు దాని ముందుదాన్ని ఎప్పుడూ ఉంచండి.

ఎన్‌విడియా కార్డో బ్రాడ్‌కామ్ వైఫైయో ఉన్న మిషన్‌లో కెర్నెల్ మారగానే తెర నల్లబడినా, నెట్ పోయినా ‘డీకేఎంఎస్ స్టేటస్’ కొట్టండి (బయటి మాడ్యూళ్లను ప్రతి కెర్నెల్‌కూ మళ్లీ తయారు చేసేది ఈ డీకేఎంఎస్). కొత్త వెర్షన్ పక్కన ‘ఇన్‌స్టాల్డ్’ అని లేకపోతే ఆ కెర్నెల్ హెడర్స్ ప్యాకేజీ (మాడ్యూళ్లు తయారు చేయడానికి కావాల్సినది) ఉందో లేదో చూడండి, ఎక్కువసార్లు లేనిది అదే. అంతా ఉండి కూడా లోడ్ కాకపోతే సెక్యూర్ బూట్ (సంతకం లేని కోడును నడవనివ్వని రక్షణ) ఆపుతోందేమో చూడాలి.

ప్రాక్టికల్ పరీక్షల వారం కెర్నెల్ కదలకుండా ఉండాలంటే ఉబుంటులో ‘ఆప్ట్-మార్క్ హోల్డ్’ వేయండి. 22.04 డెస్క్‌టాప్‌కు లినక్స్-జెనెరిక్, లినక్స్-ఇమేజ్-జెనెరిక్, లినక్స్-హెడర్స్-జెనెరిక్ మూడింటి చివరా హెచ్‌డబ్ల్యూఈ-22.04 (పైన చెప్పిన కొత్త హార్డ్‌వేర్ వరుస) తోక ఉంటుంది, ఆ పేర్లతోనే వేయాలి. పరీక్షలైన సాయంత్రమే ‘అన్‌హోల్డ్’ కొట్టి, ‘ఆప్ట్-మార్క్ షోహోల్డ్’తో ఏమీ మిగల్లేదని చూసుకుని ఇంటికి పొండి.

ఇట్లు,
మీ తాత