మాట పోయిన రోగి నొప్పిని రక్తపరీక్ష చెబుతుందా?

కేన్సర్ ఆపరేషన్ అంటే శ్రీకాకుళం, విజయనగరం వాళ్లు కూడా విశాఖ దారే పడతారు. కేజీహెచ్, లేదంటే అగనంపూడిలోని హోమీ భాభా ఆస్పత్రి. స్వరపేటిక మొత్తం తీసేసిన మనిషిని "నొప్పి ఎలా ఉంది?" అని అడిగితే నోట మాట రాదు. ఊపిరి మెడ కింది రంధ్రం గుండా ఆడుతుంది, తిండి ముక్కులోని గొట్టంలోంచి వెళ్తుంది. సున్నా నుంచి పది దాకా ఎంతో పలక మీద రాయాలి. చదువు రాకపోతే వేళ్లే దిక్కు. ఆ వేళ్లతో పని లేకుండా శరీరాన్నే అడిగితే పోలేదా అన్న ఆలోచన చాలా పాతది.

కేన్సర్ సోకిన స్వరపేటికను పూర్తిగా తీసే ఆపరేషన్ మొదట చేసింది వియన్నాలో సర్జన్ బిల్‌రోత్, 1873లో. మెడలోని లింఫ్ గ్రంథులనూ కలిపి తీసే పద్ధతిని 1906లో అమెరికా సర్జన్ జార్జ్ క్రైల్ ప్రచురించాడు. అందులో భుజాన్ని ఎత్తే నరం కూడా పోయేది. ఇప్పుడు వీలైనంత వరకు దాన్ని కాపాడుతున్నారు. అయినా గొంతు కంటే భుజమే ఎక్కువ బాధిస్తోందనే రోగులు ఉంటారు. ఈ క్రైలే ఇంకో మాటా అన్నాడు: మత్తులో ఉన్నా కోత తాలూకు కబురు నరాల ద్వారా మెదడుకు చేరుతుంది, ఒంటిని కుదిపేస్తుంది. అందుకే ముందుగా నరాన్నే మొద్దుబార్చమన్నాడు. 1959లో ఎగ్డాల్ అనే పరిశోధకుడు కుక్కల మీద చేసిన ప్రయోగంలో, గాయమైన కాలి నరం తెంపగానే అడ్రినల్ గ్రంథి (కిడ్నీల పైన ఉండే హార్మోన్ గ్రంథి) స్పందన ఆగిపోయింది. క్రైల్ మాటలో కొంతైనా నిజం ఉందన్నమాట.

ఈ మధ్యలో 1936లో ఏ దెబ్బ తగిలినా శరీరం ఒకేలా స్పందిస్తుందన్న హాన్స్ సెల్యే స్ట్రెస్ సిద్ధాంతం వచ్చింది. అడ్రినల్ హార్మోన్ల పరిశోధనకు 1950లో నోబెల్ దక్కింది. ఒత్తిడిలో ఆ గ్రంథి విడుదల చేసే కార్టిసోల్ హార్మోన్‌ను రక్తంలో కొలిస్తే నొప్పి తెలుస్తుందేమోనని అప్పటినుంచి ఆశలు పెరిగాయి. తర్వాత ఉమ్ములోనూ దాన్ని కొలవడం వచ్చింది, సూది పోటు తప్పింది.

గొంతు ఆపరేషన్ రోగి దగ్గర మాత్రం ఆ ఉమ్మే చిక్కు. రేడియేషన్ తీసుకుని ఉంటే నోరు ఎండిపోయి చుక్క రాదు, వచ్చినా నెత్తురు కలిసి ఉంటుంది. వాపు తగ్గాలని ఇచ్చే డెక్సామెథాసోన్ అనే స్టెరాయిడ్ మందు శరీరం తయారుచేసే కార్టిసోల్‌నే అణిచేస్తుంది. పైగా అది మామూలుగానే పొద్దున ఎక్కువ, రాత్రి తక్కువ. ఇక మాట పోయిందన్న దిగులు, నిద్ర లేని రాత్రి, ఆస్పత్రి బిల్లు టెన్షన్ కూడా దాన్ని పెంచగలవు. అందులో నొప్పి వాటా ఎంతో విడదీసే పరీక్ష లేదు. నన్నడిగితే, పలకను పక్కన పెట్టే రోజు ఇంకా రాలేదు. నొప్పి నిర్వచనాన్ని 2020లో సవరించిన అంతర్జాతీయ నొప్పి అధ్యయన సంఘం కూడా, చెప్పలేకపోయినంత మాత్రాన నొప్పి లేనట్టు కాదని రాసింది.

వాపు, ఇన్‌ఫెక్షన్ ఉంటే రక్తంలో పెరిగే సీఆర్‌పీ అనే ప్రొటీన్ సంగతి వేరు, అది నొప్పిని కాదు, గాయం తేడాను పట్టిస్తుంది. ఆపరేషన్ తర్వాత రెండు మూడు రోజులు పెరిగి దిగాల్సిన ఆ ప్రొటీన్ దిగకపోయినా, మళ్లీ ఎగబాకినా డాక్టర్లు కుట్లు ఊడి ఉమ్మి కారుతోందేమో, చీము పట్టిందేమో చూస్తారు.