తూము మూసినా తుంగ ఎందుకు లేస్తుంది?

పరకాల దగ్గరి పల్లె నుంచి ఒకబ్బాయి, ఒకప్పుడు నా క్లాసులో జువాలజీ చదివినవాడే, వాళ్ల బాపు రిపోర్టులన్నీ ఫోన్లో ఫోటోలు తీసి పంపి ఒకే ఒక్క మాట అడిగాడు. "సార్, బాపుకు మూడు నెలలకోసారి పొట్ట మీద ఇంజెక్షన్ ఇస్తున్నరు. మొదట్ల పీఎస్ఏ మస్తు తగ్గింది, ఇప్పుడు మళ్ల పెరుగుతంది. డాక్టరేమో క్యాన్సర్ ఈ ఇంజెక్షన్‌కు లొంగకుండ అయిందంటడు, మళ్ల గదే ఇంజెక్షన్ ఆపొద్దంటడు. పనిచెయ్యని మందుకు పైసలెందుకు పెట్టాలె?"

ఇలా అడగడం నాకు చాలా నచ్చింది. ఇంట్లో ఎముకలకు పాకిన ప్రోస్టేట్ క్యాన్సర్ మనిషిని పెట్టుకుని, అప్పులు, ప్రయాణాలు, టెన్షన్ మధ్య కూడా 'ఎందుకు' అని అడిగే కొడుకుకు సగం సగం జవాబు చెప్పకూడదు. వాడు చెప్పిన పీఎస్ఏ అంటే ప్రోస్టేట్ కణాలు తయారుచేసే ఒక ప్రొటీన్, రక్తంలో దాని లెక్కను బట్టే ఈ క్యాన్సర్ జోరు చూస్తారు. నేను డాక్టరును కాను, పాఠం చెప్పేవాణ్ణి. ఏ మందు వేసుకోవాలో చెప్పను, వేసుకున్న మందు లోపల ఏం చేస్తుందో చెప్తాను. ప్రోస్టేట్ ఎక్కడుంటుంది, ఎంతుంటుంది లాంటివి వదిలేస్తున్నాను. ఎముకల స్కాన్ రిపోర్టు చేతికొచ్చిన ఇంట్లో ఆ బొమ్మ అందరికీ తెలిసే ఉంటుంది.

మనది చెరువుల దేశం కాబట్టి చెరువులతోనే మొదలుపెడతాను. పాకాల, రామప్ప, లక్నవరం పేర్లు అందరికీ తెలుసు గానీ అసలు తెలివంతా ఊరూరా ఉన్న గొలుసుకట్టులో ఉంది: పై చెరువు నిండితే కింది చెరువుకు నీళ్లు, అది నిండితే ఇంకా కిందికి, చివరికి తూము ద్వారా పొలానికి. మగవాడి ఒంట్లో టెస్టోస్టెరాన్ అచ్చంగా ఇలాంటి గొలుసు మీదే నడుస్తుంది. పై చెరువు మెదడులో ఉండే హైపోథలామస్. అది జీఎన్‌ఆర్‌హెచ్ అనే చిన్న హార్మోన్‌ను దాని కిందే ఉన్న పిట్యూటరీకి వదులుతుంది. పిట్యూటరీ రెండో చెరువు, అక్కడి నుంచి ఎల్‌హెచ్ అనే ఇంకో హార్మోన్ రక్తంలో కలిసి వృషణాలకు చేరుతుంది. వృషణాలు మూడో చెరువు, అక్కడ టెస్టోస్టెరాన్ తయారవుతుంది. ఆ నీళ్లు పారే పొలాల్లో ప్రోస్టేట్ ఒకటి. ఊళ్లో మత్తడి తనంతట తానే దూకుతుంది, ఒంట్లో మాత్రం ప్రతి చెరువు కట్ట మీదా ఒక నీరటి ఉన్నాడని అనుకోండి. పైనుంచి నీళ్లు ఎలా వస్తున్నాయో చూసి తూము తీయాలా వద్దా అని వాడే తేలుస్తాడు. మిగతా కథంతా వాడి చేతిలోనే ఉంది.

పొలంలో తుంగ మొలిచింది, అదే క్యాన్సర్. ఈ తుంగకు టెస్టోస్టెరాన్ తడి కావాలి. ఈ సంగతిని 1941లో చికాగో విశ్వవిద్యాలయంలో చార్లెస్ హగిన్స్, క్లారెన్స్ హాడ్జెస్ తేల్చారు. ఎముకలకు పాకిన ప్రోస్టేట్ క్యాన్సర్ ఉన్నవాళ్లకు వృషణాలు తీసేస్తే రక్తంలో యాసిడ్ ఫాస్ఫటేజ్ అనే ఎంజైమ్ పడిపోతుందని చూపించారు. పీఎస్ఏ పరీక్ష లేని కాలంలో క్యాన్సర్ జోరుకు అదే గుర్తు. ఒక క్యాన్సర్ ఒంట్లోని హార్మోన్ మీద ఆధారపడి బతుకుతుందని, ఆ హార్మోన్‌ను ఆపితే తగ్గుతుందని అప్పటిదాకా ఎవరూ ఇంత స్పష్టంగా చూపలేదు. హగిన్స్‌కు 1966లో నోబెల్ వచ్చింది. నేటికీ ఈ ఆపరేషన్ అంతే బాగా పనిచేస్తుంది, ఖర్చు ఒక్కసారితో పోతుంది, గంటల్లోనే టెస్టోస్టెరాన్ అడుగంటుతుంది. మూడు నెలలకోసారి పట్నం రాలేని ఇళ్లకు ఇది పూర్తిగా మర్యాదైన దారి. పరువు తక్కువ అనుకుని దాన్ని పక్కన పెట్టేసి, తర్వాత ఇంజెక్షన్ తేదీలు దాటబెట్టేవాళ్లను చూస్తే నాకు బాధేస్తుంది.

ఇక ఇంజెక్షన్ దగ్గరికి వద్దాం. నాకు అన్నిటికన్నా ఇష్టమైన మలుపు ఇక్కడే ఉంది. లూప్రోలైడ్, గోసెరెలిన్, ట్రిప్టోరెలిన్, పేరేదైనా ఇవి జీఎన్‌ఆర్‌హెచ్‌ను ఆపే మందులు కావు. అచ్చం జీఎన్‌ఆర్‌హెచ్ లాగే పనిచేసే మందులు, పైగా దానికన్నా బలమైనవి. నీళ్లు ఆపాలంటే పై చెరువు నుంచి ఇంకా ఎక్కువ నీళ్లు వదలడమా? అవును, అదే. సహజంగా హైపోథలామస్ దాదాపు గంటన్నర, రెండు గంటలకోసారి మాత్రమే ఒక విడత వదులుతుంది, మధ్యలో ఆపుతుంది. పిట్యూటరీ నీరటి ఈ వంతులకే అలవాటుపడ్డాడు. వంతు వస్తే తూము తీస్తాడు, పోతే దించుతాడు. మందు వచ్చాక రాత్రింబవళ్లు ఎడతెరిపి లేకుండా నీళ్లే. మొదటి వారం పది రోజులు వాడు తూము పూర్తిగా ఎత్తేస్తాడు, టెస్టోస్టెరాన్ పెరుగుతుంది. తర్వాత వాడికి వంతు ఏదో, వంతు కానిది ఏదో తెలియకుండా పోతుంది. పిట్యూటరీ కణాలు తమ పైనున్న జీఎన్‌ఆర్‌హెచ్ గ్రాహకాలను, అంటే ఆ హార్మోన్ వచ్చి అతుక్కునే చోట్లను, లోపలికి లాగేసుకుంటాయి, లోపలి సంకేతాల వ్యవస్థ మొద్దుబారుతుంది, ఎల్‌హెచ్ పడిపోతుంది, మూడు నాలుగు వారాల్లో మూడో చెరువు ఎండుతుంది. 1978లో ఎర్నస్ట్ నోబిల్ బృందం కోతుల మీద ఇదే చూపించింది: ఆగకుండా ఎక్కిస్తే ఎల్‌హెచ్ పడిపోయింది, గంటకోసారి ఇస్తే మళ్లీ లేచింది. అదే హార్మోన్, తేడా అంతా వంతులోనే. అసలీ హార్మోన్ ఏమిటో పట్టుకోవడానికి ఆండ్రూ షాలీ బృందం లక్షకు పైగా పందుల మెదడు ముక్కలు వడగట్టింది. ఆయనకు, రోజర్ గిల్లెమిన్‌కు 1977లో నోబెల్ ఇచ్చారు. పదో తరగతిలో గ్రంథుల పాఠాన్ని పట్టిక గీయించి మార్కులకు బట్టీ పట్టిస్తాం, ఇంత అందమైన సంగతిని పిల్లల కంట పడనివ్వం.

మొదటి ఇంజెక్షన్ ముందు నుంచే బైకాలుటమైడ్ గోలీలు ఎందుకు వాడమంటారో ఇప్పుడు మీకే తెలిసిపోయి ఉంటుంది. ఆ మొదటి పది రోజుల వరదలో వెన్నెముకలోని గడ్డ వాచి నరాలను నొక్కకుండా, పొలం దగ్గరే అడ్డుకట్ట వేయడానికి. డెగరెలిక్స్ అనే ఇంకో రకం ఇంజెక్షన్ ఉంది, అది నీరటి చెయ్యి నేరుగా పట్టేస్తుంది కాబట్టి వరద ఉండదు.

మరి ఇప్పుడు పీఎస్ఏ ఎందుకు లేచింది? ముందుగా మూడో చెరువు నిజంగా ఎండిందో లేదో చూడాలి. పీఎస్ఏతో పాటు టెస్టోస్టెరాన్ పరీక్ష చేయించారా అని ఆ అబ్బాయిని అడిగాను, లేదన్నాడు. మామూలు మగవాడిలో అది డెసిలీటరుకు సుమారు 300 నుంచి 1000 నానోగ్రాములు ఉంటుంది, చికిత్సలో 50 కన్నా దిగువకు రావాలి. రాకపోతే మందు ఓడిపోలేదు, తూము సరిగా మూసుకోలేదు. ఇంజెక్షన్ ఆలస్యమైనా ఇలా జరగొచ్చు. 50 కన్నా తక్కువ ఉండి కూడా పీఎస్ఏ వరుసగా పెరుగుతుంటేనే 'లొంగని దశ' అనే మాట వాడాలి.

ఆ దశలో తుంగ నాలుగు పనులు చేస్తుంది. ఒకటి, ఈ గొలుసుతో సంబంధం లేని ఒక చిన్న కుంట ఒంట్లో ఇంకోటి ఉంది. కిడ్నీల మీద కూర్చునే అడ్రినల్ గ్రంథులు కొద్దిపాటి ఆండ్రోజెన్‌లు, అంటే టెస్టోస్టెరాన్ జాతి మగ హార్మోన్‌లు, చేస్తూనే ఉంటాయి, వాటికి నీళ్లు ఏసీటీహెచ్ అనే వేరే కాలువలో వస్తాయి. తుంగ ఆ కుంట నీళ్లు లాగుతుంది. రెండు, తనే బోరు వేసుకుంటుంది: క్యాన్సర్ కణం కొలెస్టరాల్ నుంచి మొదలుపెట్టి తనలో తానే ఆండ్రోజెన్ తయారుచేసుకోవడం నేర్చుకుంటుంది. మూడు, వేళ్లు పెంచుతుంది: ఆండ్రోజెన్ గ్రాహకం జన్యువుకు అదనపు నకళ్లు పుట్టి, పిసరంత తడి తగిలినా పట్టేస్తుంది. నాలుగోది అన్నిటికన్నా మొండిది, ఏఆర్-వీ7 అనే కత్తిరింపు రూపం. గ్రాహకంలో హార్మోన్ అతుక్కునే భాగమే ఉండదు, నీళ్లే అక్కర్లేకుండా ఎదుగుతుంది.

మొదటి మూడూ గమనించండి. తుంగ నీళ్లు మానుకోలేదు, నీళ్ల కోసం ఇంకా ఆత్రపడుతోంది. అలాంటప్పుడు పెద్ద చెరువు తూము మళ్లీ తెరిస్తే? బోరు నీళ్లతో బతుకుతున్న తుంగకు చెరువు నీళ్లు కూడా దొరుకుతాయి, ఇంకా లొంగే ఉన్న కణాలు కూడా లేస్తాయి. అందుకే ఇంజెక్షన్ ఆపరు, దాని మీద ఇంకోటి కలుపుతారు. బాబూ, మీ ప్రశ్నకు జవాబు ఇదే.

ఆ కలిపేవాటిలో అబిరాటెరోన్ ఒకటి. అది కుంట, బోరు, చెరువు మూడింటిలోనూ ఉండే సీవైపీ17ఏ1 అనే ఎంజైమ్‌ను పట్టేస్తుంది. ఈ ఎంజైమ్ రెండు పనులు చేస్తుంది: 17-హైడ్రాక్సిలేషన్ (ఆండ్రోజెన్‌కూ, కార్టిసాల్ అనే ఇంకో అడ్రినల్ హార్మోన్‌కూ కావాల్సిన మెట్టు), 17,20-లయేస్ (ఆండ్రోజెన్‌కు కావాల్సిన మెట్టు). రెండూ ఆగితే ఆండ్రోజెన్ పోతుంది గానీ కార్టిసాల్ కూడా తగ్గుతుంది. కార్టిసాల్ తగ్గిందని పిట్యూటరీ ఏసీటీహెచ్‌ను పెంచేస్తుంది, అడ్రినల్ కుంట ఉబ్బి ఇంకో వైపు గండి పడుతుంది, అంటే ఉప్పు నిలబెట్టే హార్మోన్‌లు పొంగుతాయి. బీపీ పెరుగుతుంది, పొటాషియం పడిపోతుంది, కాళ్లు వాస్తాయి. ఆ గండి పడకుండానే ప్రెడ్నిసొలోన్ కలిపి ఇస్తారు. 'స్టెరాయిడ్ అట, వద్దు' అని ఆ చిన్న గోలీని మాత్రం పక్కన పెట్టే ఇళ్లు మన దగ్గర చాలా ఉన్నాయి. దయచేసి అలా చేయొద్దు. ఇంకోటి, అబిరాటెరోన్ మామూలు మోతాదు 1000 మిల్లీగ్రాములు, ఖాళీ కడుపున వేసుకోవాలి: తిన్నాక రెండు గంటలు ఆగాలి, వేసుకున్నాక గంట దాకా తినొద్దు. కొవ్వు ఎక్కువున్న తిండితో వేసుకుంటే రక్తంలో మందు 10 రెట్ల దాకా పెరగొచ్చు. దీన్నే వాడుకుని 250 మిల్లీగ్రాములు కొవ్వు తక్కువ టిఫిన్‌తో ఇచ్చి చూసిన చిన్న అధ్యయనం 2018లో వచ్చింది. ఖర్చు భారమైతే దాని గురించి డాక్టరును అడగండి, సొంతంగా మాత్రం చేయొద్దు. ఎంజాలుటమైడ్ దారి వేరు, అది వేళ్ల నోళ్లు మూసేస్తుంది. నీళ్లతో పనిలేని తుంగకు డోసెటాక్సెల్ కీమో ఉంది. చాలామందికి ఇప్పుడు వీటిలో ఒకదాన్ని లొంగని దశ దాకా ఆగకుండా మొదట్లోనే ఇంజెక్షన్‌తో కలిపి ఇస్తున్నారు.

రెండేళ్ల కిందట మా మేనమామ కూడా ఇదే ఇంజెక్షన్ మీద ఉన్నాడు. జనవరి చలిలో తెల్లవారుజామున మేమంతా దుప్పట్లలో ఉంటే ఆయన అంగీ విప్పేసి ఫ్యాన్ కింద కూర్చునేవాడు, మెడ మీద చెమట చుక్కలు. ఎనుమాముల మార్కెట్‌లో మిర్చి బస్తాలు జరిపిన మనిషి, నీళ్ల బిందె దించి అక్కడే నిలబడిపోయేవాడు. టీవీలో ఎవరో పిల్లను అత్తారింటికి పంపుతుంటే ఏడ్చేవాడు, ఏడ్చినందుకు సిగ్గుపడేవాడు. మా అత్త దిష్టి తీసింది, ఇంకెవరో గాలి సోకిందన్నారు. అదేం కాదు, తూము మూస్తే తుంగ ఒక్కటే ఎండదు, ఆయకట్టు అంతా ఎండుతుంది. కండ, ఎముక, రక్తం, మెదడులో ఒంటి వేడిని చూసుకునే చోటు, అన్నీ ఆ నీళ్లు తాగినవే. వేడి ఆవిర్లు, నీరసం, చిరాకు, షుగర్ పెరగడం, ఎముకలు పలచబడటం మందుతో టెస్టోస్టెరాన్ తగ్గడం వల్ల వచ్చేవే, మనిషి మారిపోయాడని కాదు. మన ఇళ్లలో 'బాపుకు జబ్బు పేరు చెప్పొద్దు' అని అందరూ కలిసి తీర్మానం చేస్తారు. ఆయన ఒంట్లో ఇన్ని మార్పులు జరుగుతుంటే కారణం చెప్పకుండా దాచడం ఆయన్ను ఒంటరివాణ్ణి చేయడమే అని నా అభిప్రాయం. చెప్పండి, ఆయనకు తెలిసిన చెరువుల భాషలోనే చెప్పండి. రోజూ నడిపించండి, కాస్త బరువులు ఎత్తించండి, కాల్షియం, విటమిన్ డి సంగతి అడగండి. ఎముకల కోసం ఇచ్చే జోలెడ్రోనిక్ యాసిడ్ మొదలుపెట్టే ముందు పళ్ల డాక్టరుకు చూపించండి, ఎందుకంటే ఆ మందు మీద ఉండగా పన్ను పీకితే దవడ ఎముక మానకపోయే ప్రమాదం ఉంది.

ఇంకో నమ్మకం, 'సూది గుచ్చి ముక్క తీస్తే క్యాన్సర్ పాకుతది' అనేది. ప్రోస్టేట్ క్యాన్సర్ వెన్నెముకకు చేరడానికి సూది అక్కర్లేదు. కటి భాగం సిరలకు, వెన్నెముక సిరలకు మధ్య కవాటాలు లేని దారి ఉందని ఆస్కార్ బాట్సన్ 1940లోనే చూపించాడు. పసరు మందుల సంగతి వేరు. వాటిలో ఏముందో రాసి ఉండదు, అబిరాటెరోన్ మీద ఉన్నవాళ్ల కాలేయం అసలే జాగ్రత్తగా చూసుకోవాల్సినది.

నొప్పికి ఊళ్లో ఆర్‌ఎంపీ ఇచ్చే సూదులతో నెలలు గడపొద్దు, కిడ్నీలు దెబ్బతింటాయి. ఎముక నొప్పికి చాలాసార్లు ఒక్కసారి ఇచ్చే రేడియేషన్ సరిపోతుంది. మార్ఫిన్ గోలీలంటే చివరి రోజులని కాదు. 2014లో మత్తుమందుల చట్టం సవరించాక అవి దొరకడం కొంత సులువైంది, హైదరాబాద్ ఎంఎన్‌జే క్యాన్సర్ ఆసుపత్రిలోనూ, జిల్లాల్లో ప్రభుత్వం నడిపే పాలియేటివ్ కేర్ కేంద్రాల్లోనూ అడగండి. తెలంగాణలో ఆరోగ్యశ్రీ పరిమితి 2023 డిసెంబర్ నుంచి 10 లక్షలు, ఏ మందు దానిలోకి వస్తుందో ఆసుపత్రిలోని ఆరోగ్యమిత్రను ముందే అడగండి. ఒక్క విషయంలో మాత్రం రేపు చూద్దాం అనొద్దు: కాళ్లలో బలం తగ్గినా, నడుము కింద తిమ్మిరెక్కినా, మూత్రం ఆగిపోయినా, వెన్నుపాము నలుగుతోందని అనుకుని ఆ రాత్రే బయల్దేరండి. భూపాలపల్లి నుంచైనా, ములుగు నుంచైనా సరే, గంటలు పోయేకొద్దీ కాళ్లు తిరిగి వచ్చే అవకాశం తగ్గుతుంది.

ఆ అబ్బాయి చివర్లో ఇంకోటి అడిగాడు, ఇది తనకూ, తమ్ముడికీ వస్తుందా అని. తండ్రికి వస్తే కొడుకుకు వచ్చే అవకాశం సుమారు రెట్టింపు అవుతుంది. పాకిన క్యాన్సర్ ఉన్నవాళ్లలో కొందరికి బీఆర్‌సీఏ2 లాంటి జన్యువులో పుట్టుకతోనే లోపం ఉంటుంది. ఉందని తేలితే బాపుకు ఒలాపరిబ్ అనే ఇంకో మందు దారి తెరుచుకోవచ్చు. అప్పుడు అక్కచెల్లెళ్లు కూడా పరీక్ష చేయించుకోవాలి, ఎందుకంటే అదే లోపం రొమ్ము, అండాశయ క్యాన్సర్లకూ కారణమవుతుంది. కొడుకులు 40, 45 మధ్యలో పీఎస్ఏ గురించి డాక్టరుతో మాట్లాడాలి. వచ్చే నెల బాపుతో వెళ్లినప్పుడు టెస్టోస్టెరాన్‌తో పాటు ఈ జన్యు పరీక్ష సంగతి కూడా చీటీ మీద రాసుకుని వెళ్లమన్నాను.