గురక ఆగితే లెక్కపెట్టేవాళ్లం

ఎండాకాలం రాత్రుళ్లు నకిరేకల్ దగ్గరి మా ఊళ్లో అందరి మంచాలూ వాకిట్లోనే ఉండేవి. పెదనాన్న గురక వీధి చివరిదాకా వినిపించేది. ఉన్నట్టుండి ఆగిపోయేది. పిల్లలం ఒకటి, రెండు, మూడు అని లెక్కపెట్టేవాళ్లం. పదిహేను దాటాక ఆయన ఉలిక్కిపడి, గట్టిగా ఊపిరి లాగి, మళ్లీ మొదలుపెట్టేవారు. మాకు అదొక ఆట. పెద్దవాళ్లకేమో ఒళ్లెరగని నిద్రకు గుర్తు. పగలు అరుగు మీద మాట్లాడుతూనే ఆయన తూగుతుంటే అందరూ నవ్వేవారు.

నిద్రలో ఊపిరి ఆగే ఈ జబ్బులో వైద్యులు కూడా చాలాకాలం ఆ పగటి తూగునే చూశారు. 1956లో అమెరికాలో బర్వెల్ బృందం ఒక స్థూలకాయుడి గురించి రాసింది. పేకాటలో మూడు ఆసులు, రెండు రాజులు చేతికొచ్చినా కునుకు పట్టి అవకాశం పోగొట్టుకున్నాడట. డికెన్స్ ‘పిక్‌విక్ పేపర్స్’ నవలలో ఎప్పుడూ నిద్రపోయే లావుపాటి కుర్రాడి మీదుగా ఆ జబ్బుకు ‘పిక్‌వికియన్ సిండ్రోమ్’ అని పేరు పెట్టారు. రక్తంలో పేరుకున్న కార్బన్ డయాక్సైడ్ వల్లే ఆ మత్తు అనుకున్నారు. అసలు సంగతి రాత్రి దగ్గర ఉంది. 1965లో ఫ్రాన్స్‌లో గాస్టో బృందం, జర్మనీలో యుంగ్, కుహ్లో ఇలాంటి రోగుల నిద్రను పరికరాలతో నమోదు చేస్తే, శ్వాస పదే పదే ఆగుతున్నట్టు తేలింది. 1976లో స్టాన్‌ఫర్డ్‌లో గిల్మినో ‘స్లీప్ అప్నియా సిండ్రోమ్’ అన్న పేరును స్థిరపరిచారు. లావుగా లేనివారికీ ఇది వస్తుంది.

ఈ జబ్బులో నిద్రపట్టాక గొంతు కండరాలు సడలి ఊపిరి దారి మూసుకుపోతుంది. ఆక్సిజన్ పడిపోతుంది, మెదడు మనిషిని అరక్షణం లేపుతుంది, రక్తపోటు ఎగబాకుతుంది. రాత్రికి వందలసార్లు ఇలా జరిగితే మందులకు లొంగని బీపీ, గుండె లయ తప్పడం, పక్షవాతం ముప్పు పెరుగుతాయి. విజయవాడ రహదారి మీద తెల్లవారుజామున లారీ బోల్తా పడితే ‘డ్రైవరుకు కునుకు పట్టింది’ అని రాసి వదిలేస్తాం. ముందురోజు కడుపునిండా నిద్రపోయిన మనిషికి కునుకెందుకు పట్టిందని అడిగేవారు తక్కువ.

నిర్ధారణకు మెదడు తరంగాలు, ముక్కులో గాలి, ఛాతీ కదలిక, వేలి దగ్గర ఆక్సిజన్ రాత్రంతా నమోదు చేస్తారు. కొందరికి ఇంట్లోనే చిన్న పరికరంతో చేయవచ్చు. శ్వాస కనీసం 10 సెకన్లు ఆగితే ఒక లెక్క. బాగా తగ్గడాన్నీ కలుపుతారు. గంటకు 5 దాటితే జబ్బు కింద చూస్తారు, 30 దాటితే తీవ్రం. పిల్లల అంకెలు తొందరగా నడుస్తాయనుకున్నా, మేం ఆ వాకిట్లో లెక్కపెట్టింది దాదాపు ఇదే.

1981 దాకా గట్టి చికిత్స అంటే మెడ దగ్గర శ్వాసనాళానికి రంధ్రం పెట్టడమే. ఆ ఏడాది సిడ్నీలో కొలిన్ సలివాన్ ముక్కు మాస్కు గుండా గాలిని నెట్టి గొంతు మూసుకోకుండా ఆపారు. ఇప్పుడు ఈ జబ్బుకు వాడే సీప్యాప్ యంత్రం అదే.

ఈ జబ్బును అనుమానించడానికి వైద్యులు వాడే ప్రశ్నల్లో ఒకదానికి రోగి తనంతట తాను జవాబు చెప్పలేడు: నిద్రలో మీ ఊపిరి ఆగడం ఎవరైనా చూశారా? పెదనాన్నను ఎవరూ అడగలేదు. పెద్దమ్మ మాత్రం అనేది, ఆ గురకకు తనకెప్పుడూ మెలకువ రాలేదని, అది ఆగినప్పుడే వచ్చేదని.