రంగు కరిగితే చాలదు, వేడిని తట్టుకోవాలి

మే నెల మిట్టమధ్యాహ్నం విశాఖ బీచ్ రోడ్డులో తారు మీదుగా దూరంగా చూడండి. అవతలి ఆటోలు నీళ్లలో మునిగినట్టు వణుకుతాయి. రంగు ద్రావణంతో కాంతి పుట్టించే డై లేజర్ సెల్‌లోనూ, అంటే ఆ ద్రావణం పారే గాజు గదిలోనూ, జరిగేది ఇదే. రంగును వెలిగించడానికి బయటినుంచి వేసే కాంతిని పంపు కాంతి అంటారు. ద్రావణం మింగిన ఆ కాంతిలో కొంత వేడిగా మారుతుంది. వేడెక్కిన చోట వక్రీభవన గుణకం (కాంతిని ఎంత వంచుతుందో చెప్పే సంఖ్య) తగ్గి, కిరణం చెదిరిపోతుంది. అప్పుడు ఎంత మేలురకం రంగు వేసినా లాభం లేదు, దాన్ని కరిగించే ద్రావకాన్నే చూసుకోవాలి.

లెక్క వేద్దాం. ఘన సెంటీమీటరుకు ఒక జౌలు వేడి చేరితే ఇథనాల్ (ఆల్కహాల్) 0.52 డిగ్రీలు వేడెక్కుతుంది, నీరు 0.24 డిగ్రీలే. పైగా డిగ్రీకి గుణకం ఇథనాల్‌లో సుమారు 0.0004 తగ్గితే, నీటిలో 0.0001 తగ్గుతుంది. ఒక సెంటీమీటరు దారిలో 590 నానోమీటర్ల కాంతికి ఇథనాల్‌లో మూడున్నర తరంగాల తేడా వస్తుంది, నీటిలో అర తరంగం కూడా రాదు! వేడి అంతటా ఒకేలా ఉంటే పేచీ లేదు. కానీ పంపు కాంతి తగిలే గోడ దగ్గర ఎక్కువ, లోపలికి పోయేకొద్దీ తక్కువ. దాంతో ద్రావణమే వంకర కటకం అయి కూర్చుంటుంది. బడిలో నీటి గుణకం 1.33 అని బట్టీ పట్టిస్తాం. అది ఉష్ణోగ్రతతో మారుతుందని కూడా అప్పుడే చెప్పాలి.

మరి అందరూ నీరే వాడొచ్చు కదా? కుదరదు. డై లేజర్లలో వాడే రంగు రోడమిన్ 6జి అణువులు నీటిలో జంటలు కడతాయి. జంట కాంతిని మింగుతుంది గానీ వెలగదు. ద్రావణం ఏ కాంతిని ఎంత మింగుతుందో చూపే స్పెక్ట్రంలో 530 నానోమీటర్ల దగ్గరి శిఖరం పక్కన, 500 దగ్గర, భుజంలా ఉబ్బు కనిపిస్తే జంటలు చేరినట్టే. విరుగుడు సబ్బు జాతి పదార్థం. దాని అణువుల గుంపుల్లో రంగు అణువులు విడివిడిగా ఒదుగుతాయి. 1970లో ఈస్ట్‌మన్ కొడాక్‌లో ఆగకుండా వెలిగే తొలి (నిరంతర) డై లేజర్ వెలిగింది ఇలాంటి నీటి ద్రావణంతోనే.

లీటరు డీయనైజ్డ్ (లవణాల అయాన్లు తీసేసిన) నీటిలో సబ్బు జాతి పదార్థమైన ట్రైటాన్ ఎక్స్-100ను 10–15 గ్రాములు వేసి, గిలకొట్టకుండా నిదానంగా తిప్పాలి. అది తేనెలా చిక్కగా ఉంటుంది, కరగడానికి సమయం పడుతుంది. పూర్తిగా కరిగాక 48 మిల్లీగ్రాముల రంగు వేసి, వడకట్టాలి. ట్యాంకులోకి తిరిగొచ్చే గొట్టం చివర ద్రావణంలో మునిగే ఉండాలి. పైనుంచి పడితే నురగ పుడుతుంది. ఒక్క బుడగ కిరణానికి అడ్డొచ్చినా ఆ పల్స్ పోయినట్టే.

సెల్ లేకుండా ద్రావణాన్ని గాల్లోకి ధారగా వదిలే జెట్‌కు మాత్రం ఇథిలీన్ గ్లైకాల్ మేలు. దాని చిక్కదనం వల్ల ధార అద్దం పలకలా నునుపుగా నిలుస్తుంది.

నీటిని చల్లబరిచేకొద్దీ గుణకం మార్పు ఇంకా తగ్గుతుంది. అలాగని విశాఖలో 10 డిగ్రీలకు దించితే సెల్‌లో కాంతి వెళ్లే గాజు కిటికీలకు చెమ్మ పడుతుంది. గది 30 డిగ్రీలు, తేమ 75 శాతం ఉంటే 25 డిగ్రీల దగ్గరే నీటి బొట్లు మొదలవుతాయి. కిటికీల మీద పొడి నైట్రోజన్ ఊదాలి. లేదంటే ద్రావణాన్ని 27 దగ్గర ఆపి, ప్రవాహం పెంచాలి. పెంచాక నురగ మళ్లీ చూసుకోవాలి.