అవే చుక్కలు, వేరే ముగ్గు

ధనుర్మాసంలో వాకిట్లో ముగ్గు వేసేవారికి కొత్తగా చెప్పనక్కరలేదు. మూడు వరుసల్లో మూడేసి చుక్కలు పెట్టి నలుగురికి అప్పగిస్తే నాలుగు రకాల ముగ్గులు తేలతాయి. చుక్కను ఎవరూ కదపరు, ఎవరూ చెరపరు. గీత నడిచిన దారి ఒక్కటే మారుతుంది. పట్టణాల్లో వార్డుల హద్దులు గీయడం ఇలాంటి పనే. కాకపోతే అక్కడ ఒక్కో చుక్క ఒక్కో ఇల్లు, పైగా ఆ ముగ్గు తెల్లవారితే చెరిగిపోదు. కనీసం ఐదేళ్లు ఉంటుంది.

తొమ్మిదిళ్ల ఊరు ఒకటి అనుకుందాం. కాగితం మీద మూడు వరుసలుగా వేసుకోండి. మొదటి వరుసలో నీళ్లు, నీళ్లు, రోడ్డు. రెండో వరుసలో రోడ్డు, నీళ్లు, నీళ్లు. మూడో వరుసలో మూడిళ్లూ రోడ్డే. అంటే నాలుగిళ్లవారు ముందు మంచినీటి పైపు పడాలంటున్నారు, ఐదిళ్లవారు ముందు రోడ్డు పడాలంటున్నారు. ఈ ఊరిని మూడిళ్ల చొప్పున మూడు వార్డులు చేసి, వార్డుకో సభ్యుణ్ణి ఎన్నుకోవాలి.

అడ్డంగా కోసి చూడండి. మొదటి రెండు వార్డుల్లో నీళ్లవారిదే పైచేయి, మూడోది రోడ్డువారిది. నలుగురి మాట నెగ్గి ఐదుగురి మాట ఓడింది. ఇప్పుడు నిలువుగా కోయండి. మొదటి వార్డు రోడ్డుకు, నడిమిది నీళ్లకు, చివరిది రోడ్డుకు పోతాయి. ఈసారి ఐదుగురిదే గెలుపు. రెండు సార్లూ వార్డులు సరిసమానం, హద్దులు స్కేలు పెట్టి గీసినంత తిన్నన. ఒక్క ఓటరు కూడా మనసు మార్చుకోలేదు. ఊళ్లో ముందు ఏ పని జరగాలో మాత్రం తారుమారైంది.

విడిపోకుండా కలిసి ఉన్న మూడేసి ఇళ్లతో ఈ ఊరిని మూడు వార్డులు చేయడానికి మొత్తం పది దారులే ఉన్నాయి. ఒక సాయంత్రం తీరిక చేసుకుని పదీ గీసి చూశాను. ఆరింటిలో రోడ్డువారు, నాలుగింటిలో నీళ్లవారు గెలిచారు. అల్పసంఖ్యాకులు గెలిచిన ఆ నాలుగు పటాల్లో అడ్డంగా కోసిన అందమైన పటమే ఒకటి. కాబట్టి హద్దు వంకరగా ఉంటే మోసమని, తిన్నగా ఉంటే న్యాయమని అనుకోవడానికి లేదు. ఈ విషయంలో మన కళ్లను నమ్మకూడదు.

వంకర గీతకు చెడ్డపేరు తెచ్చింది అమెరికాలోని మసాచుసెట్స్. 1812లో అక్కడి గవర్నరు ఎల్‌బ్రిడ్జ్ గెర్రీ తమ పార్టీకి అనుకూలంగా రాష్ట్ర సెనేటు స్థానాలను విడగొట్టిన చట్టం మీద సంతకం పెట్టాడు. ఎసెక్స్ కౌంటీలోని ఒక స్థానం మెలికలు తిరిగి సాలమాండర్ అనే బల్లి లాంటి జంతువును తలపించడంతో, పత్రికలవాళ్లు దానికి రెక్కలూ గోళ్లూ తగిలించి బొమ్మ అచ్చువేశారు. గెర్రీ పేరును, ఆ జంతువు పేరును అతికించి గెర్రీమాండర్ అన్నారు. ఆ ఏడాది ఎన్నికల్లో ప్రత్యర్థులకే మొత్తం ఓట్లు కాస్త ఎక్కువ వచ్చినా, 40 స్థానాల్లో 29 గెర్రీ పార్టీకి దక్కాయి. ఆయన అంతకుముందు అమెరికా స్వాతంత్ర్య ప్రకటన మీద సంతకం పెట్టినవారిలో ఒకడు, ఆ తరువాత దేశ ఉపాధ్యక్షుడు కూడా అయ్యాడు. నిఘంటువులో మిగిలింది మాత్రం ఆ బల్లితోనే.

చూపు చాలనప్పుడు గణితం ఏమైనా చేయగలదా? కొంత చేయగలదు. అయితే దారుల సంఖ్య పెరిగే తీరు చూస్తే గుండె జారుతుంది. మూడు మూళ్ల ఊరికి పది దారులు. నాలుగు నాళ్ల ఊరిని నాలుగు సమాన వార్డులు చేయడానికి 117. ఐదైదుల ఊరికి 4,006. ఆరారుల ఊరికి 4,51,206. తొమ్మిది తొమ్మిదుల ఊరు అంటే 81 ఇళ్లే, ఒక చిన్న అపార్టుమెంటు. దాన్ని తొమ్మిది వార్డులు చేసే దారులు ఏడు కోట్ల కోట్లకు పైమాట. ఇక నగరం సంగతి చెప్పేదేముంది! జనగణనలో ఒక్కో ఎన్యూమరేటరుకు అప్పగించే బ్లాకులో సుమారు 650 నుంచి 800 మంది ఉంటారు. వార్డు గీసేవారికి ఈ బ్లాకులే ఇటుకలు. 67 లక్షల జనాభా ఉన్న నగరంలో అలాంటి ఇటుకలు తొమ్మిది పదివేలు తేలతాయి. వాటిని పేర్చే పద్ధతులన్నీ లెక్కపెట్టడం ఏ కంప్యూటర్‌కూ చేతకాదు.

అందుకని గణిత శాస్త్రజ్ఞులు అన్నీ లెక్కపెట్టే ఆలోచన మానుకుని, అన్నం ఉడికిందో లేదో మెతుకు పట్టి చూసే పద్ధతికి వచ్చారు. ఒక పటంతో మొదలుపెట్టి, హద్దు మీది బ్లాకులను గుడ్డిగా అటూ ఇటూ మారుస్తూ, జనాభా సమానత తప్పకుండా, వార్డు ముక్కలు కాకుండా వేలకొద్దీ పటాలు కంప్యూటర్‌తో తయారు చేయిస్తారు. వాటన్నిటిలో పాత ఎన్నికల ఓట్లను పోసి చూస్తారు. అధికారులు గీసిన పటంలో వచ్చే ఫలితం ఆ వేల పటాల్లో ఏ ఒకటి రెండింటిలోనో తప్ప రాకపోతే, అది యాదృచ్ఛికం కాదని అనుమానించవచ్చు. నా తొమ్మిదిళ్ల ఊళ్లో పదింటిలో నాలుగు చోట్ల నీళ్లవారు గెలుస్తున్నారు కనుక అడ్డకోత పటం మీద కుట్ర ఆరోపణ నిలవదు. పదివేలలో ఒక్కచోటే గెలిచి ఉంటే కథ వేరు. 2018లో అమెరికాలోని పెన్సిల్వేనియా రాష్ట్ర సుప్రీంకోర్టు, అక్కడి నుంచి దేశ పార్లమెంటుకు ఎన్నికయ్యే స్థానాల పటాన్ని కొట్టేసిన కేసులోనూ, 2019లో నార్త్ కరొలైనా కేసుల్లోనూ ఇలాంటి లెక్కలే సాక్ష్యంగా నిలిచాయి. అదే 2019లో అమెరికా సుప్రీంకోర్టు, పార్టీ ప్రయోజనాల కోసం గీసిన హద్దుల వివాదం ఫెడరల్ (కేంద్ర) కోర్టులు తీర్చేది కాదని 5-4 తీర్పుతో చేతులు దులుపుకుంది. లెక్క కుదిరినంత మాత్రాన న్యాయం కుదురుతుందని లేదు మరి.

మన దగ్గర ఈ చర్చ ఇంత దూరం రాలేదు. అంతకంటే ముందున్న మెట్టు దగ్గరే ఆగిపోయాం. అసలు వార్డుల్లో జనం సమానంగా ఉన్నారా?

హైదరాబాదును తీసుకుందాం. 2007లో పాత నగరపాలికకు చుట్టూ ఉన్న 12 పురపాలికలను కలిపి గ్రేటర్‌ను ఏర్పాటు చేశారు. 2009లో 150 డివిజన్లతో, అంటే వార్డులతో, తొలి ఎన్నికలు జరిగాయి. 2016 ఎన్నికలకు హద్దులు సవరించినా సంఖ్య 150 దగ్గరే ఉంది. 2011 జనగణన ప్రకారం నగర జనాభా 67 లక్షల పైచిలుకు కాబట్టి, సగటున ఒక్కో కార్పొరేటర్ 45 వేల మందికి ప్రతినిధి. సగటుకు పది శాతం ఎక్కువ తక్కువలను సహిస్తామనుకుంటే ప్రతి డివిజనూ 40,500కు, 49,500కు మధ్య ఉండాలి.

2020 డిసెంబరు ఎన్నికల నాటి ఓటర్ల జాబితా చూస్తే ఈ లెక్క ఎక్కడికి పోయిందా అనిపిస్తుంది. మొత్తం ఓటర్లు 74 లక్షలకు పైగా, సగటున డివిజనుకు దాదాపు 50 వేలు. మైలార్‌దేవ్‌పల్లిలో సుమారు 79 వేల మంది, రామచంద్రాపురంలో దాదాపు 28 వేల మంది. ఇద్దరు కార్పొరేటర్లకూ సభలో ఉన్నది ఒక్కో ఓటే. రామచంద్రాపురం ఓటరు చేతిలోని చీటీ మైలార్‌దేవ్‌పల్లి ఓటరు చీటీ కంటే రెండున్నర రెట్లకు పైగా బరువు తూగిందన్నమాట.

దీని వెనక ఎవరి కుట్రో ఉందని నేను అనడం లేదు. పెద్ద దోషి కొలబద్దే. వార్డులు గీసేది జనగణన జనాభాతో, ఓటు వేసేది ఈనాటి జనం. 2021లో జరగాల్సిన జనగణన జరగలేదు. అందువల్ల 2025 చివర్లో చుట్టుపక్కల 27 పురపాలికలను, కార్పొరేషన్లను కలిపేసి, రెండువేల చదరపు కిలోమీటర్లకు మించిన నగరాన్ని 300 వార్డులుగా గీసినప్పుడు కూడా చేతిలో ఉన్న జనగణన 2011 నాటిదే. ఆ పధ్నాలుగేళ్లలో బయటి వలయ రహదారి చుట్టూ ఏం జరిగిందో అటు ఒకసారి బస్సులో వెళ్లినవారికి తెలుసు. పసిపిల్లవాడి కొలతలతో పెళ్లికొడుక్కి సూటు కుట్టించినట్టుంది వ్యవహారం. హడావుడికి ఒక కారణం కూడా ఉంది. కొత్త జనగణన కోసం 2025 డిసెంబరు 31 తరువాత పరిపాలనా హద్దులు కదపకూడదని కేంద్రం గడువు పెట్టింది. తాజా అంకెలు వస్తున్నాయన్న కారణంగానే పాత అంకెలతో తొందరగా గీయాల్సి రావడం ఇందులోని వింత.

ఇంగ్లండ్‌లో ఇదే పనికి ఒక స్వతంత్ర కమిషన్ ఉంది. అది ప్రభుత్వానికి కాక పార్లమెంటుకు జవాబు చెప్పుకుంటుంది. ఒక్క వార్డు సగటుకు 30 శాతం దాటి తప్పినా, లేదా ఆ కౌన్సిల్ వార్డుల్లో 30 శాతానికి మించి పది శాతం గీత దాటినా సమీక్షకు అర్హమైనట్టే. మైలార్‌దేవ్‌పల్లి సగటు కంటే దాదాపు 60 శాతం ఎక్కువ, రామచంద్రాపురం 40 శాతానికి పైగా తక్కువ. అక్కడైతే ఈ రెంటిలో ఏ ఒక్కటి ఉన్నా గంట మోగేది. వాళ్లు జనాభాను కాక నమోదైన ఓటర్లను లెక్కిస్తారు, అదీ మరో ఐదేళ్లకు ఎంతమంది అవుతారో అంచనా కట్టి గీస్తారు. ముందుగా ఊరికి ఎంతమంది సభ్యులు కావాలో తేల్చుకుని, గీతల జోలికి ఆ తరువాతే వెళతారు. బర్మింగ్‌హామ్‌లో అలాగే 120 మంది సభ్యులను 101కి తగ్గించి, 40 పెద్ద వార్డులను 69 చిన్న వార్డులుగా మార్చారు. 2018 నుంచి అదే అమలులో ఉంది. పదకొండు లక్షల ఊరికి 101 మంది అంటే తలకు పదకొండువేల జనం. 150 డివిజన్ల నాటి మన 45 వేల పక్కన పెట్టి చూస్తే కార్పొరేటర్ ఫోను ఎందుకు ఎత్తరో కొంత అర్థమవుతుంది. మన పల్లెల్లోనే నయం, అక్కడ వార్డు మెంబరు వెనక ఉండేది కొన్ని వందల మందే.

అలాగని ఓటర్లను లెక్కించడమే మేలని తేల్చలేను. ఓటరు జాబితా ఆధారమైతే పిల్లలు ఎక్కువున్న బస్తీ, పేరు నమోదు చేయించుకోని వలస కూలీల వాడ లెక్కలో చిక్కిపోతాయి. చెత్త బండి, కుళాయి నీళ్లు వాళ్లకూ కావాలి కదా. జనాభా లెక్కలో వాళ్లంతా ఉంటారు. మన పద్ధతిలో ఉన్న ఈ మంచిని పాత అంకెలు మింగేస్తున్నాయి.

హద్దు తగిలే నొప్పి అందరికీ ఒకటి కాదు. ఎస్సీ రిజర్వేషన్ ఏ వార్డుకు దక్కాలో ఆ వార్డులోని ఎస్సీ జనాభా శాతం నిర్ణయిస్తుంది. ఎక్కువ శాతమున్న వార్డు నుంచి వరుసగా దిగుతూ వస్తారు. ఒకే చోట ఉన్న బస్తీ నడిమధ్యలోంచి గీత పోతే రెండు వార్డుల్లోనూ ఆ శాతం పలచబడి, రెండూ వరుసలో కిందికి జారిపోవచ్చు. వార్డుల జనాభా మాత్రం తూకం వేసినట్టు సమానంగానే కనిపిస్తుంది. అందుకే ఇంగ్లండ్ కమిషన్ ఓటర్ల సమానత పక్కనే స్థానిక సమాజపు ఐక్యతను, పాలనా సౌలభ్యాన్ని కూడా కొలమానాలుగా పెట్టుకుంది. ఈ మూడూ ఒకదానితో ఒకటి పోట్లాడతాయి. మూసీని హద్దుగా ఉంచితే సంఖ్య తప్పవచ్చు, సంఖ్య కుదిరిస్తే ఒక వార్డు ఏరు దాటవలసి రావచ్చు. ఇందులో ఏది వదులుకోవాలో మనుషులే తేల్చుకోవాలి, లెక్క తేల్చదు.

కనుక ఎవరు గీస్తున్నారన్నది తేలిక ప్రశ్న కాదు. 74వ రాజ్యాంగ సవరణ పట్టణ ఎన్నికలను రాష్ట్ర ఎన్నికల సంఘానికి అప్పగించింది. వార్డులు గీసే పని మాత్రం రాష్ట్ర చట్టాలకు వదిలింది. కేరళ దానికోసం రాష్ట్ర ఎన్నికల కమిషనర్ అధ్యక్షతన వేరే డీలిమిటేషన్ కమిషన్ పెట్టుకుంది. తెలుగు రాష్ట్రాల్లో ఆ పని ప్రభుత్వ యంత్రాంగానిదే. ఆ మీదట అభ్యంతరాలు చెప్పుకోవడానికి జనానికి ఇచ్చే వ్యవధి కొద్ది రోజులు. ప్రకటనలో హద్దులు ఇలా ఉంటాయి: ఉత్తరాన ఫలానా కూడలి నుంచి నాలా వెంబడి ఫలానా ఇంటి నంబరు వరకు, అక్కడి నుంచి సందు మీదుగా రైలు పట్టాల దాకా. ఒకసారి మా ఊళ్లో ఇలాంటి ప్రకటన పట్టుకుని నేనూ, ఎదురింటి మాస్టారూ గీత వెంట నడిచాం. మూడో మలుపులో కాగితంలోని ఇంటి నంబరు కనిపించలేదు. పాత ఇల్లు పడగొట్టి కట్టిన ఐదంతస్తుల భవనానికి ఐదు కొత్త నంబర్లున్నాయి. మేం నిలబడ్డ చోటు ఏ వార్డో మాకు అంతుపట్టలేదు. పక్కనే మూత లేని మ్యాన్‌హోల్ ఒకటి ఉంది. అది ఏ వార్డుదో రెండు వైపుల వాళ్లకూ తెలియదని టీకొట్టు ఆయన చెప్పాడు.

కొత్త జనగణనలో జనాన్ని లెక్కించేది 2027 ఫిబ్రవరిలో, మార్చి 1 నాటి స్థితికి. ఆ బ్లాకుల అంకెలు బయటికి వచ్చిన రోజు, 2011 కొలతలతో గీసిన ఒక్కో వార్డునూ పది శాతం గీత పక్కన పెట్టి చూడవచ్చు. దానికి పెద్ద కంప్యూటర్ అవసరం లేదు. కూడిక, భాగహారం వస్తే చాలు.