జ్ఞాపకం కణాల్లో ఎలా నిలుస్తుంది? అపోహలు - వాస్తవాలు

అపోహ: ఒక్కో జ్ఞాపకం ఒక్కో మెదడు కణంలో దాగి ఉంటుంది.

వాస్తవం: జ్ఞాపకానికి ప్రధాన ఆధారం కణాల మధ్య ఉండే సంధులు, అంటే సినాప్సులు. మా ప్రయోగశాలలో ఎలుక మెదడులో జ్ఞాపకాలకు కీలకమైన హిప్పోకాంపస్ అనే భాగం నుంచి తీసిన, అర మిల్లీమీటరు మందం కూడా లేని ముక్క, ఆక్సిజన్ బుడగలు పోయే లవణ ద్రావణంలో గంటల తరబడి బతికే ఉంటుంది. ఒకవైపు చిన్న విద్యుత్ ప్రేరణ ఇస్తే, అవతలి కణాల స్పందన తెర మీద ఒక చిన్న పల్లంలా కనిపిస్తుంది. సెకనుకు 100 చొప్పున ఒక సెకను పాటు ప్రేరణలిచ్చి, ఆపై మునుపటి ఒంటి ప్రేరణనే మళ్లీ ఇస్తే, ఆ పల్లం లోతెక్కి గంటల కొద్దీ అలాగే ఉండిపోతుంది. అంటే ఆ సంధులు బలపడ్డాయన్నమాట. ఎన్నిసార్లు చూసినా నాకు విసుగు పుట్టని దృశ్యమిది. బ్లిస్, లోమో అనే శాస్త్రవేత్తలు కుందేళ్లలో దీన్ని గమనించి 1973లో ప్రకటించారు.

దీని మూలం ఎన్‌ఎండీఏ గ్రాహకంలో, అంటే అవతలి కణం మీద రసాయన సంకేతాన్ని అందుకుని దారి తెరిచే ప్రోటీన్‌లో ఉంది. ఇవతలి కణం సంకేత రసాయనమైన గ్లూటమేట్‌ను విడుదల చేయడం, అదే సమయంలో అవతలి కణం ఉత్తేజితమై దారికి అడ్డున్న మెగ్నీషియం తొలగడం, ఈ రెండూ కలిసినప్పుడే కాల్షియం లోపలికి వస్తుంది. దాని ప్రభావంతో సంధి దగ్గర గ్లూటమేట్‌ను అందుకునే మరో రకం గ్రాహకాలైన ఏఎంపీఏ గ్రాహకాలు పెరుగుతాయి, అందుకే స్పందన పెరుగుతుంది.

అపోహ: కొత్తది నేర్చుకున్నప్పుడల్లా కొత్త కణాలు పుడతాయి.

వాస్తవం: చాలావరకు ఉన్న కణాల మధ్య బంధాలే మారతాయి. అయితే ఆ మార్పు రోజుల తరబడి నిలవాలంటే కేంద్రకంలో జన్యువులు పనిచేసి కొత్త ప్రోటీన్లు తయారు కావాలి. సముద్రపు నత్త అప్లీసియాలో నేర్చుకోవడం వెనుక ఉన్న ఈ యంత్రాంగాన్ని వివరించిన ఎరిక్ కాండెల్ 2000లో నోబెల్ బహుమతి పంచుకున్నారు.

అపోహ: ఒకసారి స్థిరపడిన జ్ఞాపకం శిలాక్షరం.

వాస్తవం: సినాప్సులోని ప్రోటీన్లు చాలావరకు రోజుల్లో, వారాల్లో విరిగిపోయి, వాటి స్థానంలో కొత్తవి వస్తాయి. అణువులు మారుతుంటే జ్ఞాపకం ఏళ్ల తరబడి ఎలా నిలుస్తుందని డీఎన్‌ఏ నిర్మాణాన్ని కనుగొన్నవారిలో ఒకరైన ఫ్రాన్సిస్ క్రిక్ 1984లోనే అడిగారు. పీకేఎం జీటా అనే ఎంజైము బలపడిన సినాప్సును అలాగే కాపాడుతుందన్న వాదనకు, అది లేకుండా పుట్టిన ఎలుకలు కూడా మామూలుగానే గుర్తుంచుకున్నాయని 2013లో తేలడంతో ఎదురుదెబ్బ తగిలింది. 2024లో వెలువడిన మరో పరిశోధన మాత్రం, కిబ్రా అనే ప్రోటీన్ బలపడిన సినాప్సులకు గుర్తులా అంటిపెట్టుకుని, పాతవి పోతున్నకొద్దీ కొత్త పీకేఎం జీటా అణువులను అక్కడికే రప్పిస్తుందని చూపింది. నా దృష్టిలో క్రిక్ ప్రశ్నకు ఇప్పటివరకు వచ్చిన సమాధానాల్లో ఇదే బలమైనది, కానీ ఈ నిదర్శనం ఎలుకలలోనిది. దాన్ని చూపి మనుషులకు జ్ఞాపకశక్తి మాత్రలు అమ్మేవారిని నమ్మకండి.